వర్స్‌లీ లెక్కలతో పదహారు రోజులు

2022 మార్చిలో ఎండ్యూరెన్స్ ఓడ దొరికిందన్న వార్త వచ్చేసరికి నేను మెస్‌రూమ్‌లో కూర్చుని నా లెక్కలో తప్పు వెతుక్కుంటున్నాను. అప్పుడు నేను డెక్ క్యాడెట్‌ని, అంటే ఓడ ఆఫీసర్ పని నేర్చుకుంటున్నవాణ్ణి. అది నా మొదటి ఓడ. ముందు రోజు మధ్యాహ్నం సెక్స్‌టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో, దిగంతం నుంచి సూర్యుడి ఎత్తు కొలిచి ఓడ ఏ అక్షాంశం మీద ఉందో కట్టాను. జీపీఎస్‌తో పోల్చి చూస్తే 32 మైళ్లు తేడా. సముద్రం అద్దంలా ఉంది, ఎండ బాగా కాస్తోంది, నిలబడింది 25 మీటర్ల ఎత్తున, ఓడను నడిపే చోటైన బ్రిడ్జి మీద. అయినా 32 మైళ్లు తప్పాను.

వార్త ఏంటంటే, అంటార్కిటికా పక్కనున్న వెడెల్ సముద్రంలో 3,008 మీటర్ల లోతున మార్చి 5న ఎండ్యూరెన్స్ కనిపించింది. ఎర్నెస్ట్ షాకిల్టన్ అంటార్కిటికా యాత్రకు తీసుకెళ్తే, 1915లో మంచు నలిపేసి ముంచేసిన ఓడ అది. దాని కెప్టెన్ ఫ్రాంక్ వర్స్‌లీ అప్పట్లో రాసిపెట్టిన చోటు 68°39'30" దక్షిణం, 52°26'30" పశ్చిమం. ఓడ దొరికింది అక్కడికి దక్షిణంగా సుమారు 4 నాటికల్ మైళ్ల దూరంలో.

నాలుగు మైళ్లు! కదులుతున్న మంచు పలక మీద నిలబడి, చేతిలో సెక్స్‌టెంట్, క్రోనోమీటర్ (ఓడల్లో వాడే కచ్చితమైన గడియారం), పట్టికలు మాత్రమే పెట్టుకుని కట్టిన లెక్క. పైగా ఓడ మునిగిన నవంబర్ 21న మబ్బు. తర్వాత సూర్యుడు కనిపించాక, మంచు ఈలోపు ఎటు ఎంత జరిగిందో అంచనా వేసి, మునిగిన చోటును వెనక్కి లెక్కగట్టాడు. నేను నా 32 మైళ్ల కాగితం వైపు చూసుకున్నాను. తప్పు దొరికింది. సూర్యుడి కింది అంచును దిగంతానికి ఆనించి కొలిచాను, పట్టికలో మాత్రం పై అంచుకు ఉన్న దిద్దుబాటు తీసుకున్నాను. సూర్యబింబం మన కంటికి దాదాపు 32 కోణపు నిమిషాల వెడల్పు. ఒక కోణపు నిమిషం అంటే అక్షాంశంలో ఒక నాటికల్ మైలు. తేడా సరిగ్గా అక్కడే ఉంది.

ఆ సాయంత్రం చీఫ్ ఆఫీసర్ గారికి ఈ సంగతి చెప్పాను. ఆయనా తెలుగువారే, ఎక్కువ మాట్లాడరు. "వర్స్‌లీ గురించి చదువు. చదివాక మాట్లాడదాం" అన్నారు.

చదివాను. ఫ్రాంక్ వర్స్‌లీ 1872 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని అకరోవాలో పుట్టాడు. 1888లో, ఇంకా పదహారేళ్లకే, లండన్‌కు ఉన్ని తీసుకెళ్లే తెరచాప ఓడల్లో చేరాడు. అతని గురించి ఎవరు రాసినా ఒక కల కథ చెబుతారు. లండన్‌లోని బర్లింగ్టన్ వీధి నిండా మంచు గడ్డలు తేలుతున్నట్టు, వాటి మధ్య తాను ఓడ నడుపుతున్నట్టు కలొచ్చిందట. పొద్దున్నే లేచి ఆ వీధికి వెళితే అక్కడ షాకిల్టన్ యాత్ర ఆఫీసు బోర్డు కనిపించిందట. వర్స్‌లీ స్వయంగా చెప్పుకున్న ముచ్చటే ఇది. నాకు మాత్రం ఆ కల కంటే అంతకు ముందు అతను పసిఫిక్‌లో గడిపిన ఏళ్లే ముఖ్యం అనిపించాయి. న్యూజిలాండ్ ప్రభుత్వ ఓడల్లో, కౌంటెస్ ఆఫ్ రాన్‌ఫర్లీ అనే తెరచాప ఓడ మీద, చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేని చోట చిన్న చిన్న దీవులను వెతుక్కుంటూ తిరిగాడు. ఎగసిపడే అలల్లో చిన్న పడవలను ఒడ్డుకు చేర్చడం అక్కడే నేర్చుకున్నాడు. 1916 మేలో ఆరుగురి ప్రాణాలు కాపాడింది ఆ చదువే.

అలాగని లోపం లేని మనిషేం కాదు. కెప్టెన్‌గా మనుషులను క్రమశిక్షణలో పెట్టడం అతనికి అంతగా చేతకాదని షాకిల్టన్‌కే అనిపించింది. నావ నడపడంలో మాత్రం అతనికి సాటి లేదు.

చదివి వచ్చాక చీఫ్ ఆఫీసర్ గారితో నా ఆలోచన చెప్పాను. "సార్, పదహారు రోజులు జీపీఎస్ చూడకుండా నా లెక్క నేను కట్టుకుంటాను." పదహారే ఎందుకంటే, ఓడ మునిగాక వాళ్లంతా పడవల్లో ఎలిఫెంట్ దీవి చేరారు. అక్కడి నుంచి సాయం తేవడానికి షాకిల్టన్, వర్స్‌లీ సహా ఆరుగురు ఎక్కిన జేమ్స్ కెయిర్డ్ పడవ 1916 ఏప్రిల్ 24న బయల్దేరి మే 10న సౌత్ జార్జియా దీవి చేరింది. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. ఓడ మామూలుగానే ఆఫీసర్ల చేతుల్లో నడుస్తుంది. ఆ పదహారు రోజులూ నాకు బ్రిడ్జి మీద డ్యూటీ ఉండదు, డెక్ పని చేస్తాను. సైట్ తీసుకోవడానికి, అంటే సెక్స్‌టెంట్‌తో ఎత్తు కొలవడానికి, బ్రిడ్జి పక్కన బయటికి పొడుచుకొచ్చిన రెక్క మీదికి వచ్చి, లోపలి తెరల వైపు చూడకుండా వెళ్లిపోవాలి. ఏ దిక్కుకు నడిపారో, నీటిలో ఓడ వేగం ఎంతో ఒక చీటీ మీద రాసిస్తారు. టైముకు నా చేతి గడియారమే. బయల్దేరే ముందు ఒక్కసారి సరిచూసుకుని, రోజుకు ఎన్ని సెకన్లు ముందుకు పోతోందో రాసుకున్నాను. అంతే, మళ్లీ ముట్టుకోకూడదు.

బ్రెజిల్ తీరంలో ఇనుప ఖనిజం ఎక్కించుకోవడానికి లంగరు మీద ఉన్నప్పుడే మొదటి పాఠం అయింది. డ్రిల్‌లో భాగంగా రెస్క్యూ బోటును నీళ్లలోకి దించారు. పైకప్పు లేని బోటు, ఆరు మీటర్ల పొడవు. జేమ్స్ కెయిర్డ్ పొడవు దాదాపు 7 మీటర్లు. కెప్టెన్ సార్ అనుమతితో సెక్స్‌టెంట్ మెడకు తగిలించుకుని నేనూ దిగాను.

బ్రిడ్జి మీద నిలబడితే దిగంతం పది మైళ్ల అవతల, గీత గీసినట్టు ఉంటుంది. బోటులో కూర్చుంటే కంటి ఎత్తు రెండు మీటర్లు కూడా ఉండదు. దిగంతం మూడు మైళ్ల లోపే. అది కూడా ఎప్పుడూ కనిపించదు. అల పల్లంలో ఉన్నప్పుడు ఎదురుగా కనిపించేది పక్క అల వీపు మాత్రమే. శిఖరం ఎక్కిన ఆ ఒకటి రెండు సెకన్లలో సూర్యుణ్ణి కిందికి దించి దిగంతానికి ఆనించాలి. మోకాళ్ల మీద కూర్చుని మోచేతులు పక్కటెముకలకు బిగించాను. అద్దంలో సూర్యుడు గాజు మీద జారే నీటిబొట్టులా అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు. ఉప్పు తుంపర అద్దం మీద పడితే చొక్కా అంచుతో తుడిచాను. అది ఇంకా మసకబారింది. కడుపులో తిప్పడం మొదలైంది. నా తోటి క్యాడెట్ ఒక చేత్తో నా లైఫ్‌జాకెట్ పట్టుకుని, ఇంకో చేత్తో టైము రాస్తున్నాడు. నేను "స్టాప్" అన్నప్పుడల్లా ఒక అంకె.

పది సైట్లు తీసుకున్నాను. లంగరు వేసిన చోటు తెలుసు కాబట్టి ఏ క్షణంలో ఎత్తు ఎంత ఉండాలో ముందే తేల్చుకోవచ్చు. ఒక్కో సైట్‌ను దానితో పోల్చితే, బాగా ఎక్కువ వచ్చినదానికీ బాగా తక్కువ వచ్చినదానికీ మధ్య 9 నిమిషాల తేడా. సగటు తీస్తే తప్పు రెండు నిమిషాల లోపే! ఆ అంకె చూసి నేను చాలాసేపు కదల్లేదు. ఎందుకంటే 1916 మే 7న వర్స్‌లీ చేసింది సరిగ్గా ఇదే. ఆ రోజు పొగమంచులో సూర్యుడికి అంచే లేదు, వెలుగు ముద్దలా ఉన్నాడు. అంచు దొరకనప్పుడు ఆ వెలుగుకు నడిమధ్య ఎక్కడో కంటితో అంచనా వేసి, దాన్నే దిగంతానికి దించాలి. ఒక్కసారితో నమ్మకూడదు, వరసగా చాలా తీసుకుని సగటు వేయాలి.

అతను సైట్ తీసుకున్న పద్ధతి నాకు అప్పటిదాకా బొమ్మలా ఉండేది. సెక్స్‌టెంట్‌ను నీళ్లు తగలకుండా రొమ్ము కింద దాచుకుని గుడ్డకప్పు కింది నుంచి బయటికి రావడం, పడవ బల్ల మీద మోకరిల్లడం, ఇద్దరు చెరోవైపు పట్టుకోవడం, లోపల షాకిల్టన్ క్రోనోమీటర్, పెన్సిల్, పుస్తకం పట్టుకుని పిలుపు కోసం కాచుకోవడం. బోటు దిగి ఓడెక్కాక అది బొమ్మలా అనిపించలేదు. నాది వెచ్చటి నీళ్లు, గంట సేపు పని. వాళ్లది మంచు పట్టిన పడవ, తడిసిన బట్టలు, రెండు వారాలు దాటిన ప్రయాణం. అక్కడ అప్పుడు చలికాలం మొదలవుతోంది. మే 7 ప్రాంతంలో 54 డిగ్రీల దక్షిణాన సూర్యుడు మధ్యాహ్నం కూడా దాదాపు 19 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆ కాస్త ఎండలోనే పని కావాలి.

ఏప్రిల్ 24న మా పదహారు రోజులు మొదలయ్యాయి. మొదటి సాయంత్రం నా లెక్క చీటీ తీసుకెళ్లి ఇచ్చాను. అక్షాంశం, రేఖాంశం రెండూ దశాంశాలతో సహా రాశాను. చీఫ్ ఆఫీసర్ గారు చూసి, "దశాంశాలు తర్వాత బాబూ. నువ్వు ఎంత దాకా తప్పి ఉండొచ్చో చెప్పు. ఆ చుక్క చుట్టూ సున్నా చుట్టు" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. ఓడ ఎక్కడుందో చెప్పమంటే చెప్పగలను కానీ, నా తప్పు ఎంతో నాకెలా తెలుస్తుంది? రెండు మైళ్ల సున్నా చుట్టాను. ఆయన మారు మాట్లాడలేదు.

నాలుగో రోజు ఆ సున్నా బద్దలైంది. పొద్దున సైట్‌తో కట్టిన రేఖాంశం 15 నిమిషాలు తప్పింది. మేమున్న అక్షాంశంలో అది 12 మైళ్లు. రాత్రి పది దాకా లాగరిథమ్ పట్టికలు మళ్లీ మళ్లీ తిరగేశాను, లెక్కలో ఎక్కడా తప్పు లేదు. చివరికి తేలింది ఏంటంటే, టైము రాసేటప్పుడు మావాడు సెకన్లు సరిగ్గానే చూశాడు, నిమిషం మాత్రం ఒకటి ఎక్కువ రాశాడు. భూమి నాలుగు సెకన్లకు ఒక కోణపు నిమిషం తిరుగుతుంది, ఒక్క నిమిషానికి పదిహేను. వాడు చాలా బాధపడ్డాడు. నిజానికి తప్పు నాది. వాడు రాసింది నేను ఒక్కసారి పైకి చదివించుకుని ఉంటే అక్కడే దొరికేది. షాకిల్టన్ పెన్సిల్ పట్టుకుని కూర్చోవడం చిన్న సాయం కాదని ఆ రాత్రి తెలిసింది. ఆ నావిగేషన్‌లో సగం అతని చేతిలో ఉంది.

ఇక క్రోనోమీటర్ సంగతి. ఎండ్యూరెన్స్ బయల్దేరినప్పుడు వాళ్ల దగ్గర 24 క్రోనోమీటర్లు ఉండేవి, జేమ్స్ కెయిర్డ్ ఎక్కేటప్పటికి సరిగ్గా నడిచేది ఒక్కటే మిగిలింది. అది ఎంత ముందుకు పోతోందో వెనక్కి పోతోందో తెలియకపోతే రేఖాంశం మొత్తం గాలిలో దీపమే. ఓడ మంచులో ఇరుక్కున్న చలికాలంలోనే వర్స్‌లీకి ఈ బెంగ పట్టుకుంది. ఫాక్‌లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ నుంచి వచ్చే వైర్‌లెస్ సంకేతాల కోసం ప్రయత్నించారు, అందలేదు. అప్పుడు అతనూ భౌతిక శాస్త్రవేత్త రెజినాల్డ్ జేమ్స్ కలిసి, చంద్రుడు ఏ నక్షత్రాన్ని ఏ క్షణంలో కప్పేస్తున్నాడో గమనించి గడియారాల తప్పు తేల్చారు. ఆకాశాన్నే గడియారం చేసుకున్నారన్నమాట. 2022లో ఓడ, వర్స్‌లీ రాసిపెట్టిన చోటికి అంత దగ్గరగా దొరకడంలో ఆ చీకటి రాత్రుల పని కూడా ఉందని నా నమ్మకం.

తొమ్మిదో రోజు నుంచి మూడు రోజులు పూర్తిగా మబ్బు. సైట్ లేదు. ఉన్నదల్లా డెడ్ రెకనింగ్: ఏ దిక్కుకు, ఎంత వేగంతో, ఎన్ని గంటలు. చార్ట్ మీద చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ పోవడమే. ఈసారి సున్నా గురించి నిజాయతీగా ఆలోచించాను. వేగం కొలిచే పరికరం ఎంత తప్పొచ్చు, స్టీరింగ్ ఎంత అటూ ఇటూ పోతుంది, గాలి ఎంత పక్కకు తోస్తుంది. రోజుకు ఐదు మైళ్ల చొప్పున సున్నా పెంచుకుంటూ పోయాను. మూడో రోజుకు చార్ట్ మీద ఆ సున్నా పెద్దదై కనిపిస్తుంటే టెన్షన్ వచ్చేది. ఏదో ఒడ్డు దగ్గర పడుతోందని తెలిసి, అది ఏ పక్కనుందో తెలియకపోతే ఎలా ఉంటుంది? రాత్రి చీకట్లో దిక్సూచి చూడ్డానికి అగ్గిపుల్లలు కూడా లెక్కపెట్టుకోవాల్సి వస్తే? జేమ్స్ కెయిర్డ్‌లో రాత్రుళ్లు గాలి ఎటునుంచి తగులుతోందో, అల ఎటు ఎత్తుతోందో చూసుకుని నడిపారు. తన డెడ్ రెకనింగ్ ఊహించి చెప్పడం కంటే మెరుగేం కాదని వర్స్‌లీయే ఒప్పుకున్నాడు.

మే 7న అతను షాకిల్టన్‌తో చెప్పిన మాట దగ్గర నేను ఆగిపోయాను. చోటు పది మైళ్ల లోపు ఖాయంగా చెప్పలేనన్నాడు. అప్పటికి దాదాపు 800 మైళ్ల ప్రయాణం అయిపోవస్తోంది. పడవలో తాగే నీళ్లు ఉప్పు కలిసి పాడయ్యాయి. తిమింగలాల వేట స్టేషన్లు, మనుషులు ఉన్నది దీవికి ఉత్తరం వైపు. నేరుగా అటు వెళ్లాలని ఎవరికైనా ఉంటుంది. కానీ లెక్క ఆ పది మైళ్లు తప్పి దీవి పక్కనుంచి జారిపోతే, పడమటి గాలి పడవను తూర్పుకు తోసేస్తుంది, అటు వేల మైళ్ల సముద్రం. అందుకే మనుషులు లేని నైరుతి తీరం వైపు తిప్పారు. మరుసటి రోజు, మే 8న, కొండలు కనిపించాయి. తుపాను ఒడ్డు దాకా రానివ్వలేదు, మే 10 సాయంత్రానికి గానీ కింగ్ హాకన్ ఖాతంలో దిగలేకపోయారు. తర్వాత షాకిల్టన్, వాళ్లతో వచ్చిన క్రీన్, వర్స్‌లీ పటంలో లేని కొండలు దాటి 36 గంటల్లో స్ట్రోమ్‌నెస్ అనే వేట స్టేషన్ చేరారు. ఎలిఫెంట్ దీవి మీద మిగిలిన 22 మందిని ఆగస్టు 30న చిలీ ఓడ యెల్చో తీసుకొచ్చింది.

పది మైళ్లని వర్స్‌లీ చెప్పకుండా ఉంటే? ఆ ఆరుగురిలో లెక్క తెలిసినవాడు అతనే. ధైర్యం చెప్పడానికి "సరిగ్గానే వెళ్తున్నాం" అనేస్తే అందరూ నమ్మేవాళ్లు. ఆ అంకె వెనక ఒక పాత గాయం కూడా ఉందని నాకనిపిస్తుంది. నెల ముందే, మంచు పలక విడిచి పడవల్లో ఎలిఫెంట్ దీవికి వస్తుండగా, ఏప్రిల్ 12న, మూడు రోజులు తెడ్లు వేసి వేసి అలసిపోయాక సైట్ తీస్తే, ముందుకు పోయామనుకున్న పడవలు బయల్దేరిన చోటికి 30 మైళ్ల తూర్పున ఉన్నాయి. ప్రవాహం అంత దూరం వెనక్కి లాగేసింది. ఎలిఫెంట్ దీవి చేరేముందు వర్స్‌లీ ఎన్నో గంటలు నిద్ర లేకుండా చుక్కాని పట్టుకుని, వంగిన ఒళ్లు నిటారు కాక, మిగతావాళ్లు పట్టి చాపాల్సి వచ్చింది.

ప్రవాహం నాకూ తగిలింది. పన్నెండో రోజు ఆఫ్రికా దక్షిణ కొనను దాటుతుండగా మబ్బు విడి సూర్యుడు వచ్చాడు. సైట్ తీస్తే, డెడ్ రెకనింగ్‌తో కట్టిన చోటికి ఇరవై మైళ్లకు పైగా తేడా. అగుల్హాస్ ప్రవాహం. అది అక్కడ ఉంటుందని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. సున్నా చుట్టేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. ఆ చీటీ ఇచ్చినప్పుడు చీఫ్ ఆఫీసర్ గారు, "ఇది బాగుంది. తప్పు ఎక్కడిదో నీకు తెలిసింది" అన్నారు. అంతకు ముందు ఏ రోజూ ఆయన బాగుంది అనలేదు.

రాత్రుళ్లు నిద్ర పట్టనప్పుడు వర్స్‌లీ మిగతా జీవితం చదువుకునేవాణ్ణి. యుద్ధంలో 1917 సెప్టెంబర్ 26న తన నౌకతో యూసీ-33 అనే జర్మన్ సబ్‌మెరైన్‌ను ఢీకొట్టి ముంచాడు. ఉత్తర రష్యాలో పోరాడాడు. క్వెస్ట్ ఓడ మీద మళ్లీ షాకిల్టన్‌తో దక్షిణానికి వెళ్లాడు. ఆ ప్రయాణంలోనే 1922 జనవరి 5న సౌత్ జార్జియాలో షాకిల్టన్ చనిపోయాడు. 1925లో ఆర్కిటిక్ వెళ్లాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అతనికి డెబ్బై దగ్గర పడుతున్నా, వయసు దాచి ఓడ మీద పని సంపాదించాడు. 1943 ఫిబ్రవరి 1న ఇంగ్లండ్‌లో కన్నుమూశాడు. చితాభస్మాన్ని థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట చల్లారు.

పదహారు రోజులు నిండాయి, మే 10. హిందూ మహాసముద్రంలో అల పెద్దగా ఉంది, ఆకాశం సగం మబ్బు. మధ్యాహ్నం సైట్ కోసం రెక్క మీద గంట సేపు నిలబడ్డాను. సూర్యుడు మూడుసార్లు తొంగిచూశాడు. మూడోసారి ఎత్తు పెరగడం ఆగి, దిగడానికి ముందు ఒక్క క్షణం నిలిచింది. "స్టాప్." మావాడు టైము రాసి, నేను అడక్కుండానే పైకి చదివాడు. కేబిన్‌కు వెళ్లి, దిద్దుబాట్లన్నీ వేసి, 90 నుంచి ఎత్తు తీసేసి, అందులోంచి సూర్యుడి క్రాంతి (ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరాన ఉన్నాడో ఆ కోణం) తీసేసి అక్షాంశం కట్టాను. పొద్దున తీసిన సైట్‌తో రేఖాంశం కట్టాను. చుక్క పెట్టి, ఎనిమిది మైళ్ల సున్నా చుట్టి తీసుకెళ్లాను.

చీఫ్ ఆఫీసర్ గారు జీపీఎస్ అంకెలు ఒక కాగితం మీద రాసి, మడిచి నా చేతికిచ్చారు. అక్కడే చార్ట్ మీద ఆ చోటు గుర్తు పెట్టి డివైడర్‌తో కొలిచాను. నా చుక్కకు ఆరు మైళ్ల దూరం. సున్నా లోపలే ఉంది.

ఆయన వంగి చూసి, పెన్సిల్ తీసి నాకే తిరిగి ఇచ్చి, "రేపటి సున్నా ఎంత?" అన్నారు.